మీడియం గొడవ సరే, పిల్లాడికి చదవడం వచ్చిందా?

పాతపలక | శనివారం రాత్రి 8:12

రిటైరయ్యాక కూడా జనం నన్ను వదల్లేదు. పెళ్లిళ్లలో, విశాఖ ఎంవీపీ రైతు బజారులో, భీమిలి బస్సులో, ఎవరు కనబడినా అడిగేది ఒకటే. "తెలుగు మీడియం మంచిదా, ఇంగ్లీషు మీడియం మంచిదా మాస్టారూ?" తెలుగు పంతుల్ని కాబట్టి జవాబు ముందే తెలుసన్నట్టు అడుగుతూనే నవ్వుతారు. ఏ మీడియమైతే ఏంటి, మీవాడికి చదవడం వచ్చా అని నేను ఎదురడుగుతాను. అదేం ప్రశ్నండీ, అయిదో తరగతికొచ్చాడు, రాకుండా ఎలా ఉంటుంది అంటారు.

ఉంటుంది. ఆరో తరగతిలో చేరే ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను. పిల్లాణ్ణి లేపి పాఠం చదవమంటే గడగడా చదివేస్తాడు. దగ్గరికెళ్లి వేలెక్కడుందో చూడండి. నోరు మూడో లైనులో ఉంటే వేలు అయిదో లైనులో ఉంటుంది. పుస్తకం మెల్లగా మూసేసినా పాఠం ఆగదు, సాగుతూనే ఉంటుంది. మొత్తం కంఠతా పట్టేశాడన్నమాట. అదే పిల్లాడికి కరెంటు బిల్లు వెనకున్న నాలుగు ముక్కలు చూపిస్తే తల గోక్కుంటాడు. వాడు మొద్దు కాడు, పాఠాలకు పాఠాలే గుర్తుపెట్టుకున్నవాడు మొద్దెలా అవుతాడు? వాడికి చదవడం ఎవరూ నేర్పలేదు, అంతే. ఆ సంగతి బయటపడకుండా వాడే ఓ దారి వెతుక్కున్నాడు.

నా సర్వీసులో ఎన్ని విధానాలొచ్చాయో చెప్తాను. 2008లో సక్సెస్ స్కూళ్లన్నారు, హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచారు. పాఠాలు చెప్పేవాళ్లం మేమే, వినేది ఆ పిల్లలే, బోర్డు మీద భాష మారింది. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం అంటూ 81వ నంబరు జీవో, పదిహేను రోజులకే దాన్ని సవరిస్తూ 85. 2020 ఏప్రిల్లో హైకోర్టు రెండింటినీ కొట్టేసింది. తర్వాత ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉన్న పుస్తకాలొచ్చాయి. 2022లో 117 జీవో తెచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపారు. 2025లో దాన్ని ఎత్తేసి బడుల్ని మళ్లీ తొమ్మిది రకాలు చేశారు. ఏ పార్టీని అంటున్నానని వెతక్కండి, అందరినీ అంటున్నాను. ఇన్ని మార్పుల్లో ఒక్కటి కూడా "రెండో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లా ముందెన్నడూ చూడని పేజీ చదవాలి, చదవకపోతే జవాబుదారీ ఎవరు" అని అడగలేదు. కేంద్రం 2021లో నిపుణ్ భారత్ అని మొదలుపెట్టింది, మూడో తరగతికల్లా చదవడం రాయడం రావాలని. కాగితం మీద మంచిదే. బడికొచ్చేసరికి అదీ ఇంకో ఆన్‌లైన్ ఫారం అయి కూర్చుంది.

నేను కోరేది పెద్దదేం కాదు. ఒకటి రెండు తరగతుల్లో పొద్దున్న మొదటి గంట చదవడానికీ రాయడానికే ఉంచండి. ఆ గంటలో టీచర్ని ఏ పనికీ లేపొద్దు. ఒకటో తరగతి టీచరునే రెండో తరగతికి కూడా అదే పిల్లలతో పంపండి. పదో తరగతి పేపరు గురించి వేరే చెప్తాను, అది ఇంకో కథ.

---

గాజువాక_అమ్మ | శనివారం రాత్రి 9:05

మాస్టారూ, మీరు చెప్పింది నిజమే కావొచ్చు. కానీ ఈ మాట చెప్పేవాళ్లందరినీ నేనో ప్రశ్న అడుగుతాను. మీ పిల్లలు ఏ మీడియంలో చదివారు?

నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. పరవాడ వైపు ఒక కంపెనీలో ఇంటర్వ్యూకెళ్తే ఏం తెలుసు ఏం తెలీదు అని అడగలేదు, నీ గురించి ఇంగ్లీషులో చెప్పు అన్నారు. కెమిస్ట్రీలో నాకంటే తక్కువ మార్కులొచ్చిన అమ్మాయి ఉద్యోగం తెచ్చుకుంది. అందుకే నా కొడుకుని అప్పు చేసి మరీ ఇంగ్లీషు మీడియంలో వేశాను. ప్రభుత్వం 2019 తర్వాత తల్లిదండ్రుల్ని అడిగితే 96 శాతం మంది ఇంగ్లీషే కావాలన్నారని పేపర్లో చదివాం కదా. ఆ 96 శాతంలో ఎవరూ భాష మీద పగతో రాయలేదు. మాలాంటి బతుకులు చూసి రాశారు.

---

పాతపలక | శనివారం రాత్రి 9:31

గాజువాక అమ్మగారూ, మంచి ప్రశ్న. మా ఇద్దరూ ఇంగ్లీషు మీడియమే, ప్రైవేటు బడే. దాచడానికేముంది? కానీ వాళ్లు బడికెళ్లే ముందే ఇంట్లో పేపరు చూసి అక్షరాలు పోల్చుకునేవారు. వాళ్లమ్మ చందమామ చదివి వినిపించేది. అందుకని ఆ బడి ఏం నేర్పకపోయినా వాళ్లకి గడిచిపోయింది. నా బాధ ఇంట్లో అచ్చు కాగితం లేని పిల్లల గురించి. వాళ్లకు బడి ఒక్కటే దిక్కు.

ఇంగ్లీషు వద్దనే మనిషిని కాను. ఒక భాషలో చదవడం పట్టుబడ్డ పిల్ల రెండో భాషకి ఆ తెలివి మోసుకెళ్తుంది. అక్షరానికో శబ్దం ఉంటుందని, శబ్దాలు కలిస్తే మాటవుతుందని, మాటకో అర్థముంటుందని పిల్లకి ఒక్కసారి తెలిస్తే చాలు. దాన్ని నోట్లో ఆడే భాషలో నేర్పడం తేలికా, కొత్త భాషలో తేలికా? తెలుగులో అక్షరం ఎలా ఉంటే దాదాపు అలాగే పలుకుతాం. ఇంగ్లీషులో అదే 'యు' అక్షరాన్ని 'పుట్'లో ఒకలా, 'కట్'లో ఇంకోలా పలకాలి. ఒకటో తరగతి పిల్లకి కష్టమైన మెట్టు ముందు వేసి, ఎక్కలేదని ఏడిస్తే ఎలా?

పైగా మీకు ఇంటర్వ్యూలో అడ్డమొచ్చింది మీడియం కాదు. మీ కాలేజీలో ఇంగ్లీషు సబ్జెక్టు చెప్పినవాళ్లు మీతో ఒక్కరోజైనా మాట్లాడించలేదు. అవునా కాదా చెప్పండి.

---

సెవెంత్_పీరియడ్ | శనివారం రాత్రి 10:20

నమస్తే సార్. నేను ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని), మధురవాడ అవతల ఒక ప్రైమరీ స్కూల్లో. మీ 'మొదటి గంట' చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మా పొద్దున్న మొదటి గంట ఏంటో చెప్తాను. బడిలో అడుగుపెట్టగానే ముఖం చూపించి నా హాజరు వెయ్యాలి. సిగ్నల్ లేకపోతే గేటు బయట రోడ్డు మీద నిలబడి ఫోను పైకెత్తాలి. తర్వాత పిల్లల హాజరు యాప్‌లో. తర్వాత మధ్యాహ్న భోజనం లెక్క, ఇవాళ గుడ్డా చిక్కీయా, స్టాకులో ఎన్ని మిగిలాయి. కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా తీసి పంపాం. ఈలోగా ఒకటో తరగతి పిల్ల బలపం నోట్లో పెట్టుకుని నా వైపే చూస్తూ ఉంటుంది. మేం ఇద్దరం, తరగతులు అయిదు. చట్టం ప్రకారం ప్రైమరీలో 30 మందికి ఒక టీచరు, ఆ లెక్క మా బడిలో సరిపోయింది. కానీ ఆ 30 మంది ఒకే తరగతి పిల్లలని ఎవరన్నారు? ఒక చివర అ ఆలు, ఇంకో చివర భిన్నాలు.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ఎవరైనా చదివారా? జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప టీచర్ని చదువు కాని పనికి పంపకూడదని ఉంది. యాప్ గురించి అందులో లేదు, 2009లో ఎవరూ ఊహించలేదు కాబట్టి.

---

బీచ్‌రోడ్_బాతాఖానీ | శనివారం రాత్రి 10:44

జీతాలు మాత్రం ఊహించినవే వస్తున్నాయి కదా మేడం 😄 ప్రైవేటు బడిలో పదిహేను వేలకు పనిచేసే టీచర్లకు మీ కష్టాలు చెప్పండి, ఓదారుస్తారు.

---

సెవెంత్_పీరియడ్ | శనివారం రాత్రి 10:51

చెప్పక్కర్లేదండి. డీఎస్సీ (ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్ష) రాసేదాకా నేనూ అక్కడే పనిచేశాను. అక్కడా చదవడం నేర్పలేదు, హోంవర్కు నేర్పాం.

---

నిర్వాహకుడు | శనివారం రాత్రి 11:02

జీతాల మీద, పార్టీల మీద నాలుగు వ్యాఖ్యలు తీసేశాను. విషయం మీదే ఉండండి. బాతాఖానీ గారూ, మీకిది రెండో హెచ్చరిక.

---

కోర్టు_మెట్లు | ఆదివారం ఉదయం 7:15

చట్టం మాటొచ్చింది కాబట్టి రెండు ముక్కలు. రాజ్యాంగం 350ఏ అధికరణం (1956లో చేర్చారు) ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించమని రాష్ట్రాలకు చెప్పింది, అదీ భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లల కోసం. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను బోధన "వీలైనంత వరకు" మాతృభాషలో ఉండాలంది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం అయిదో తరగతి దాకా అంది, అక్కడా "వీలైన చోట" అనే ఉంది. మరోపక్క 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మాతృభాషలోనే చెప్పాలని ప్రభుత్వం బలవంతం చెయ్యకూడదని తేల్చింది. కాబట్టి ఈ గొడవ కోర్టులో తేలేది కాదు. మాస్టారు చెప్పినట్టు తరగతి గదిలో తేలాలి.

---

మన్యం_మాస్టరు | ఆదివారం ఉదయం 9:38

అందరూ మాతృభాష అంటున్నారు, అందరి మనసులోనూ తెలుగే ఉంది. నేను పాడేరు డివిజన్లో పనిచేస్తున్నాను. 2022 ఏప్రిల్ దాకా మాదీ విశాఖ జిల్లానే, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. మా బడిలో ఒకటో తరగతి పిల్లలు ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతారు. పక్క పంచాయతీలో ఆదివాసీ ఒరియా. వాళ్లకు తెలుగు మీడియం అంటే ఏంటి? మీ పిల్లలకి ఇంగ్లీషు మీడియం ఎలాగో అలాగ. "కూర్చో" అంటే కూర్చోవడానికే నెల పడుతుంది. పైనుంచి వచ్చినాయన "పిల్లలు మాట్లాడరేంటి, భయపెడుతున్నారా" అని నన్నే అడుగుతాడు.

ఉమ్మడి రాష్ట్రంలో ఇరవయ్యేళ్ల కిందట ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా బోధన మొదలుపెట్టారు. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, బంజారా, కొలామీ. తెలుగు లిపిలోనే పుస్తకాలు వేశారు. మొదట పిల్ల భాషలో చదివించి, మెల్లగా తెలుగులోకి తేవడం. సొంత ఊరి మనిషి టీచరుగా ఉన్న చోట బాగా నడిచింది. బదిలీ మీద మైదానం మనిషి వచ్చిన చోట ఆ పుస్తకాలు బీరువాలో ఉండిపోయాయి. పథకం తప్పు కాదు, భాష తెలిసిన మనిషిని అక్కడ నిలబెట్టకపోవడమే తప్పు.

ఇదంతా కొత్త కాదు కూడా. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పడానికి పూనుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం. ఆ పని మాత్రం ఎవరూ ఎత్తరు.

---

పాతపలక | ఆదివారం ఉదయం 11:20

మన్యం మాస్టరు గారూ, మీ మాటకు తిరుగులేదు. నేను పొద్దున్న మొదటి గంట అన్నప్పుడు ఆ గంట ఏ భాషలో అన్నది పిల్ల ఇంటిని బట్టే ఉండాలి. ఇక్కడ ఊళ్లో కూడా ఆ సమస్య లేకపోలేదు. ఇంట్లో ఒడియా, హిందీ మాట్లాడే కూలీల పిల్లలు గాజువాక, పెందుర్తి బడుల్లో ఉన్నారు. జాలారిపేట పిల్ల "నాను రాలేదు" అంటే "నేను అనాలి" అని దిద్దే టీచర్లూ ఉన్నారు. ఆ పిల్ల రెండోసారి నోరెత్తదు.

గిడుగు మాటొచ్చింది గనక మన ఊరి సంగతొకటి. 1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన ఈ వైపు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. బడిలో చెప్పే తెలుగుకీ, జనం మాట్లాడే తెలుగుకీ ఇంత తేడా ఏమిటని ఆయనకి అనుమానం వచ్చింది. విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గురజాడనీ గిడుగునీ చూపించారు. వ్యావహారిక భాషా ఉద్యమం ఊపందుకున్నది అక్కడే. చూడండి, అది కవుల సభలో పుట్టలేదు. పిల్లలు చదివేది వాళ్లకు అర్థమవుతోందా అని ఒక బడుల ఇన్‌స్పెక్టరు అడిగిన దగ్గర పుట్టింది. అలాంటి ఇన్‌స్పెక్టరు నాకు నా సర్వీసులో ఎదురవలేదు. వచ్చినవాళ్లంతా రిజిస్టర్లడిగారు.

ఇక పదో తరగతి పేపరు. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) పద్ధతిలో పబ్లిక్ పరీక్ష మొదలైనప్పుడు నిజంగా సంతోషించాను. అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశాలు అని పేపరుని విడగొట్టారు. పుస్తకం వెనక ప్రశ్న ఉన్నదున్నట్టు రాదన్నారు, సొంతంగా రాయాలన్నారు. మొదటి ఏడు పిల్లలు తడబడ్డారు, కానీ కొందరు నిజంగా రాశారు. ఒకమ్మాయి లేఖలో వాళ్ల నాన్న వలకి చిక్కు పడితే ఎలా విప్పుతాడో రాసింది, పేపరు దిద్దుతూ పక్క టేబుల్ ఆయన్ని పిలిచి చదివి వినిపించాను. మరుసటేటికి గైడ్లొచ్చేశాయి. సొంతంగా రాయాల్సిన జవాబులు కూడా గైడులోనే అచ్చు.

స్పాట్ వాల్యుయేషన్లో రోజుకు 40 పేపర్లు దిద్దాలి. "మిత్రునికి లేఖ" దగ్గరికొస్తే కట్టలో సగం మందికి ఒకడే మిత్రుడు, ఒకటే వీధి, ఒకటే ఇంటి నంబరు. అందరూ ఒకే పండక్కి ఒకే ఊరికి పిలుస్తారు. పేరు రాయకూడదు కాబట్టి కింద "ఎక్స్ ఎక్స్ ఎక్స్" అని సంతకం. గైడులో అచ్చుతప్పుంటే ఆ తప్పూ అందరికీ ఒకే చోట. తీరా మార్కులేస్తే పదికి ఎనిమిది వెయ్యక తప్పదు, ఎందుకంటే మూల్యాంకన సూచికలో అడిగినవన్నీ అందులో ఉన్నాయి. వలకథ రాసిన పిల్లకి తారీకు, చిరునామా మరిచిపోయిందని మార్కు కొయ్యాలి. అప్పట్లో 20 ఇంటర్నల్ మార్కులు కూడా ఉండేవి, ఆ ఇరవైకి ఇరవై ఎలా పడేవో అందరికీ తెలుసు. 2019లో వాటిని తీసేసి మంచి పని చేశారు.

అందుకే అంటున్నాను, పరీక్షలో కనీసం సగం మార్కులు పిల్ల ఎన్నడూ చూడని కాగితానికి పెట్టండి. బస్సు టైముల పట్టిక, ఆసుపత్రి చీటీ మీది సూచనలు, వార్త, ఎవరిదో కవిత. చదివి అర్థమైంది రాయమనండి. అప్పుడు ఏ గైడూ పనికిరాదు. అప్పుడే ఒకటో తరగతి నుంచి చదవడం నేర్పక తప్పని పరిస్థితి వస్తుంది. పైన పరీక్ష ఎలా ఉంటే కింద పాఠం అలా ఉంటుంది. ఎన్ని శిక్షణా తరగతులు పెట్టినా ఇది మారదు.

---

రెండో_భాష | ఆదివారం మధ్యాహ్నం 1:10

మాస్టారూ, పదో తరగతిలోనే ఇలా ఉందని బాధపడుతున్నారు. నేను ఇంటర్లో తెలుగు చెప్తాను, అంటే చెప్పేవాణ్ణి. మా కాలేజీలో తెలుగు సెక్షను ఎత్తేశారు. ద్వారకానగర్, అక్కయ్యపాలెం వైపు కార్పొరేటు కాలేజీల్లో ఎవరినైనా అడగండి, సెకండ్ లాంగ్వేజి సంస్కృతమే. పిల్లలకు సంస్కృతం మీద ప్రేమ పొంగి కాదు, నూటికి తొంభై ఎనిమిది పడతాయని. దేవనాగరి లిపి రాకపోయినా పరవాలేదు, తెలుగు లిపిలో రాసినా చెల్లుతుంది. సంస్కృతం చెప్పే మిత్రుడు "నా సబ్జెక్టుకి ఇంత అవమానం ఇంకేముంటుంది" అని వాపోతాడు. తెలుగు పోయింది, సంస్కృతమూ రాలేదు, మార్కులొచ్చాయి.

---

బీచ్‌రోడ్_బాతాఖానీ | ఆదివారం మధ్యాహ్నం 1:26

మా అబ్బాయికి సంస్కృతంలో 99. మొన్న సింహాచలం కొండ మీద శ్లోకం రాసున్న బోర్డు చదవరా అంటే "అది సిలబస్‌లో లేదు నాన్నా" అన్నాడు. ఇది హెచ్చరిక కిందకి రాదనుకుంటాను.

---

గాజువాక_అమ్మ | ఆదివారం సాయంత్రం 6:40

మాస్టారి ప్రశ్నకు జవాబు. అవును సార్, డిగ్రీ మూడేళ్లలో ఇంగ్లీషు క్లాసులో నేను నోరు తెరిచింది "ప్రెజెంట్ సార్" అనడానికే.

పొద్దున్న మా వాడికి మీ పరీక్ష పెట్టాను. నాలుగో తరగతి. ఇంగ్లీషు పుస్తకంలో పాఠం చక్కగా చదివాడు. ఫ్రిజ్ మీదున్న గ్యాస్ కంపెనీ కాగితం ఇచ్చి ఇంగ్లీషు వైపు చదవమన్నాను. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తున్నాడు. తెలుగు వైపు తిప్పితే ఒత్తులొచ్చిన ప్రతిచోటా ఆగాడు. ఏటా యాభై వేలు కడుతున్నాను. మా ఆయన వచ్చాక ఏమంటాడో అని కాగితం మళ్లీ ఫ్రిజ్ మీదే పెట్టేశాను.

అయినా నా మాట మీద నేనున్నాను. మా వాడికి ఇంగ్లీషు కావాలి. తెలుగు వస్తే చాలు, మిగతాది అదే వస్తుందంటే ఒప్పుకోను. ఎవరో ఒకరు నేర్పాలి కదా. ప్రభుత్వ బడిలో చదవడం, రాయడం, ఇంగ్లీషు మాట్లాడడం మూడూ నేర్పుతామని నాకు రాసిస్తే రేపే టీసీ తెచ్చుకుంటాను. ఎవరూ రాసివ్వరు.

---

పాతపలక | ఆదివారం సాయంత్రం 7:15

ఇందులో నేను కాదనేది ఏమీ లేదమ్మా. "అదే వస్తుంది" అని నేననలేదు, తేలికవుతుందన్నాను. మంచి ఇంగ్లీషు టీచరు ఉండాల్సిందే, ఒకటో తరగతి నుంచీ ఉండాల్సిందే. కథలు చెప్పాలి, పాటలు పాడించాలి, పిల్లలతో మాట్లాడాలి. లెక్కల్నీ సైన్సునీ ఆ భాషలోకి తోసేసి ఇంగ్లీషు నేర్పేశాం అనడం మాత్రం మోసం. అలా చేస్తే లెక్కలూ పోతాయి, ఇంగ్లీషూ రాదు.

రాసిస్తారా అన్నారు చూడండి, పిల్లల్ని సర్కారు బడికి పంపే వాళ్లయినా పేరెంట్స్ మీటింగుల్లో నోరు విప్పి అడగాల్సింది అదే. భవనం రంగు, టీవీ సైజు కాదు. "మా పిల్ల చేత కొత్త పేజీ చదివించి చూపించండి" అనండి.

---

సెవెంత్_పీరియడ్ | ఆదివారం రాత్రి 8:30

సార్, గాజువాక అక్క రాసిన ఒత్తుల సంగతి మా దగ్గరా అదే. గుణింతాల దాకా బాగానే వస్తారు. ఒత్తుల దగ్గర సగం మంది ఆగిపోతున్నారు. "గ్రామం" చూపిస్తే "గారమం" అంటారు. దిద్ది దిద్ది విసుగొస్తోంది. మీరేం చేసేవారు?

---

పాతపలక | ఆదివారం రాత్రి 9:12

"గారమం" అన్న పిల్ల తప్పు చదవలేదమ్మా, కనబడ్డ వరసలో చదివింది. పైన గ, దానికి దీర్ఘం, కింద రావత్తు. కళ్లు పైనుంచి కిందికి వచ్చాయి. శబ్దం మాత్రం గ్, ర్, ఆ అని నడుస్తుంది. దీర్ఘం గ మీద కూర్చున్నా పలికేది ర తర్వాత. ఈ తిరకాసు పిల్లకి ఎవరూ విప్పి చెప్పరు, "ఒత్తు పలుకు, ఒత్తు పలుకు" అని అరుస్తారు.

ఇలా చేసి చూడండి. మొదట గుణింతం లేని ద్విత్వాలే (ఏ అక్షరానికి ఆ అక్షరం ఒత్తే వచ్చేవి) తీసుకోండి. అక్క, అన్న, అమ్మ, అత్త, అయ్య, పిల్ల, కర్ర. పిల్లలకు నోటికొచ్చిన మాటలే కాబట్టి ఊహ సాయం చేస్తుంది. కానీ ఇక్కడో చిక్కుంది, పుస్తకాలేవీ దీన్ని పట్టించుకోవు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. మనం ముందు నేర్పే మాటలు చాలావరకు ఈ ఆరింటితోనే నిండి ఉంటాయి. మిగతావి, గ్గ, చ్చ, జ్జ, డ్డ, ద్ద, బ్బ లాంటివి, అవే అక్షరాలు, తలకట్టు ఉంటే అది తీసేస్తాం అంతే, పిల్లలు చూడగానే పట్టేస్తారు. అందుకని పోలిక ఉన్నవాటిని ముందు పెట్టండి, మొగ్గ, గడ్డ, ముద్ద, దెబ్బ. ధైర్యం వస్తుంది. తర్వాత ఆ ఆరింటినీ ఒక్కొక్కటిగా, ఒక్కోదానికి వారం. ఆరో వారం అయ్యాకే సంయుక్తాలు (వేరే అక్షరం ఒత్తు వచ్చేవి), అదీ చక్రం, పద్యం లాంటి దీర్ఘం లేనివి. దీర్ఘం ఉన్న "గ్రామం" చివర్లో.

గోడ మీద చార్టు వద్దు, చార్టుని కూడా కంఠతా పట్టేస్తారు. అట్టముక్కల మీద అక్షరాలు, ఒత్తులు విడివిడిగా కోసి, పిల్ల చేతే కింద పెట్టించండి. పెట్టాక చదవాలి, ఒత్తు మార్చి మళ్లీ చదవాలి. పెళ్లి శుభలేఖల అట్ట దీనికి బాగా పనికొస్తుంది, గట్టిగా ఉంటుంది.

ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు అన్నారు కదా. నాలుగు, అయిదు తరగతుల్లో చదవడం వచ్చిన పిల్లల్ని ఒక్కొక్కరికి ఇద్దరు చిన్నవాళ్లను అప్పగించండి, పది నిమిషాలు. మీరు రోజుకు అయిదుగురినే పక్కన కూర్చోబెట్టుకుని వినండి, వేలు చూస్తూ. వారం తిరిగేసరికి అందరూ ఒకసారి మీ దగ్గర కూర్చుని ఉంటారు.

---

గాజువాక_అమ్మ | ఆదివారం రాత్రి 9:40

ఇంట్లో చెయ్యొచ్చా మాస్టారూ? శుభలేఖలు బోలెడున్నాయి.

---

పాతపలక | ఆదివారం రాత్రి 9:48

చెయ్యొచ్చు. రోజుకు పది నిమిషాలు మించొద్దు, తప్పు చదివితే తిట్టొద్దు. అయిపోయాక ఆ అట్టలతోనే వాడికి నచ్చిన మాట ఒకటి కూర్చమనండి. బూతు కూర్చినా సరే, ఒత్తు సరిగ్గా పెట్టాడా లేదా చూడండి చాలు.

---

మన్యం_మాస్టరు | ఆదివారం రాత్రి 10:15

సార్, ఈ అట్టల వరస మొత్తం ఒక కాగితం మీద రాసి ఫొటో పెడతారా? కువి మాటలకు ఏ ఒత్తులు కావాలో మా ఊరి కుర్రాడితో కూర్చుని చూసుకుంటాను. మీ 'అత్త', 'అమ్మ' మా పిల్లలకు పనికిరావు, వరస మాత్రం పనికొస్తుంది.

---

పాతపలక | ఆదివారం రాత్రి 10:22

రేపు మధ్యాహ్నానికి పెడతాను. మీరు కువి మాటల జాబితా తయారయ్యాక ఇక్కడే వెయ్యండి, నేనూ చూస్తాను.